కలిసిన రాష్ట్రం విడిపోవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు పాలిటీ చెప్పడం నా పని. కొత్త రాష్ట్రాల ఏర్పాటు గురించిన ఆర్టికల్ 3 చెప్పిన రోజు క్లాసు అయిపోయాక ఎవరో ఒకరు ఆగిపోయి అడుగుతారు, "సార్, రాష్ట్రం నుంచి రాష్ట్రం విడిపోయింది గదా, మరి దేశం నుంచి రాష్ట్రం విడిపోవచ్చా?" అని. కొంచెం భయపడుతూనే అడుగుతారు. ఇందులో భయపడాల్సిందేమీ లేదు, మన దగ్గర పుట్టినవాళ్లకు ఈ ప్రశ్న రాకపోతేనే వింత. మా తాత నిజాం రాజ్యంలో పుట్టాడు, మా బాపు హైదరాబాద్ రాష్ట్రంలో పుట్టాడు, నేను ఆంధ్రప్రదేశ్‌లో పుట్టాను, నా బిడ్డ తెలంగాణలో పుట్టింది. అందరం పుట్టింది ఒకటే ఊరు. పిల్లలు మళ్లీ మళ్లీ అడిగేవన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నా.

సూటిగా చెప్పండి. భారతదేశం నుంచి ఒక రాష్ట్రం విడిపోవచ్చా?

వీల్లేదు. రాజ్యాంగంలో ఆ దారే లేదు.

ఆర్టికల్ 1లో మన దేశాన్ని "రాష్ట్రాల యూనియన్" అన్నారు. ఫెడరేషన్ అనే మాట కావాలనే వాడలేదు. 1948 నవంబర్ 4న ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేద్కర్ దీనికి కారణం చెప్పారు: ఈ సమాఖ్య రాష్ట్రాలు కూర్చుని చేసుకున్న ఒప్పందం వల్ల వచ్చింది కాదు, అందుకే విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ ఉండదు. అమెరికా వాళ్లు ఈ సంగతి తేల్చుకోవడానికి అంతర్యుద్ధమే చేయాల్సి వచ్చింది, మనం మొదట్లోనే తేల్చి రాసుకుంటే మంచిదని ఆయన ఉద్దేశం. ఆ ప్రసంగం మొత్తం ఒకసారి చదవండి, పరీక్ష కోసం కాకపోయినా.

కానీ "విడిపోవద్దు" అని ఏ ఆర్టికల్‌లోనూ లేదు కదా సార్? రాయనిది నిషేధం ఎట్లయితది?

మంచి ప్రశ్న. అచ్చంగా ఆ మాటతో ఒక వాక్యం లేదు, నిజమే. కానీ చుట్టూ ఏం రాశారో చూడండి. ఆర్టికల్ 3 ప్రకారం కొత్త రాష్ట్రం చేయడం, హద్దు మార్చడం, పేరు మార్చడం అన్నీ పార్లమెంటు చేతిలోనే ఉన్నాయి, అదీ మామూలు మెజారిటీతో. రాష్ట్రపతి ఆ బిల్లును సంబంధిత అసెంబ్లీకి అభిప్రాయం కోసం పంపుతారు. అభిప్రాయం వరకే, అనుమతి కాదు. తన హద్దును తాను కాపాడుకునే అధికారమే లేని రాష్ట్రానికి దేశం హద్దు మార్చే అధికారం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకొకటి, బేరుబారి సంగతి. 1958లో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని నూన్ ఒక ఒప్పందం చేసుకుని బెంగాల్‌లోని బేరుబారి యూనియన్‌లో సగం పాకిస్తాన్‌కు ఇద్దామనుకున్నారు. రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా అడిగితే కోర్టు 1960లో చెప్పింది: భారత భూమిని వేరే దేశానికి ఇవ్వాలంటే ఆర్టికల్ 3 సరిపోదు, రాజ్యాంగాన్నే సవరించాలి. 2015లో బంగ్లాదేశ్‌తో ఎన్‌క్లేవ్‌లు (ఒక దేశం భూమి మధ్యలో ఇరుక్కున్న రెండో దేశం ఊళ్లు) మార్చుకున్నప్పుడు 100వ సవరణ చేసింది అందుకే. నాలుగు ఊళ్లు ఇవ్వడానికే ఇంత ఉంటే, ఒక అసెంబ్లీ తీర్మానం చేసి రాష్ట్రాన్ని మొత్తంగా బయటికి తీసుకుపోవడం కుదిరే పని కాదు.

1963లో 16వ సవరణ వచ్చింది. అప్పట్లో మద్రాసులో ద్రవిడనాడు అనే వేరే దేశం కావాలన్న డిమాండ్ ఉండేది. ఆ సవరణతో దేశ సార్వభౌమాధికారం, సమగ్రత కోసం వాక్ స్వాతంత్ర్యానికి పరిమితులు పెట్టవచ్చన్నారు, పోటీ చేసే అభ్యర్థులు సైతం దేశ సమగ్రతను కాపాడతామని ప్రమాణం చేయాలన్నారు. అన్నాదురై పార్టీ డీఎంకే ఆ డిమాండ్ వదిలేసింది, నాలుగేళ్లకే 1967లో ఎన్నికలు గెలిచి మద్రాసులో ప్రభుత్వం పెట్టింది. విడిపోదామన్నవాళ్లు లోపలే ఉండి అధికారంలోకి వచ్చిన ఆ కథ నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది.

మరి తెలంగాణ ఎట్ల విడిపోయింది?

మనం ఒక రాష్ట్రం నుంచి విడిపోయాం, దేశం నుంచి కాదు. ఉద్యమం నడిచినన్ని రోజులు ఈ రెండింటినీ కలిపి మనల్ని "వేర్పాటువాదులు" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధే. ప్రత్యేక రాష్ట్రం అడగడం రాజ్యాంగంలో ఉన్న ఒక ఆర్టికల్‌ను అమలు చేయమని అడగడమే.

2014 జనవరి 30న అప్పటి అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ పాస్ చేశాయి. అసెంబ్లీ కాదంటే ఎట్లా అని అప్పుడు చాలామంది అడిగారు. జవాబు పాతదే, బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది: అసెంబ్లీ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదు.

18వ తారీఖు మధ్యాహ్నం నేను చౌరస్తా దగ్గర ఒక చాయ్ హోటల్‌లో నిలబడి ఉన్నా. టీవీలో లోక్‌సభ లైవ్ ఉన్నట్టుండి ఆగిపోయింది. హోటల్ అంతా నిశ్శబ్దం. గ్లాసు చేతిలో పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే ఉన్నారు. కాసేపటికి కింద స్క్రోలింగ్‌లో బిల్లు పాసైందని వచ్చింది, నా పక్కన ఉన్న ముసలాయన గ్లాసు బల్ల మీద పెట్టి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. 1969 తెలంగాణ ఉద్యమంలో నువ్వు కూడా ఉన్నావా తాతా అని అడుగుదామనుకున్నా, గొంతు రాలేదు.

సంతోషం ఒకవైపు పెట్టి ఒక మాట చెప్పాలి. మనకు మేలు చేసిన ఆ ఆర్టికల్ 3 రెండువైపులా పదునున్న కత్తి. రేపు ఏ రాష్ట్రాన్నైనా దాని అసెంబ్లీ వద్దన్నా పార్లమెంటు ముక్కలు చేయవచ్చు. 2019లో జమ్మూ కశ్మీర్‌ను రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మార్చినప్పుడు అక్కడ అసెంబ్లీయే లేదు. మనకు కలిసొచ్చింది కాబట్టి ఆ ఆర్టికల్‌లో లోపమే లేదని నేను పిల్లలకు చెప్పలేను.

హైదరాబాద్ సంస్థానం అసలు దేశంలో "చేరిందా", "చేర్చబడిందా"? నిజాం విలీన పత్రం మీద సంతకం పెట్టలేదు కదా?

ఇది ఇక్కడ ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న, అడిగేవాళ్లలో రెండు రకాల కోపాలు ఉంటాయి కాబట్టి కొంచెం నిదానంగా చెబుతా.

1947లో బ్రిటిష్ వాళ్లు పోతూ సంస్థానాల మీద తమ పెత్తనం రద్దైందన్నారు. ఐదు వందలకు పైగా ఉన్న సంస్థానాల్లో ఎక్కువ భాగం రక్షణ, విదేశాంగం, కమ్యూనికేషన్ల వరకు భారత్‌కు అప్పగిస్తూ విలీన పత్రాలు రాసిచ్చాయి. హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రాసివ్వలేదు. 1947 నవంబర్ 29న ఏడాదికి యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు కూడా చేశాడు. సెప్టెంబర్ 13న సైన్యం వచ్చింది, 17కల్లా అయిపోయింది, ఆ తర్వాత ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. 1949 నవంబర్ 23న భారత రాజ్యాంగమే హైదరాబాద్‌కూ రాజ్యాంగమని ఫర్మానా ఇచ్చాడు. 1950 జనవరి 26 నుంచి మనది పార్ట్ బి రాష్ట్రం (పాత సంస్థానాల కోవ), 1952లో మొదటిసారి అందరం ఓటేశాం, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు.

కాబట్టి కాగితం ప్రకారం చూస్తే చేరిక సైన్యం వచ్చాక జరిగింది. ఇది దాచాల్సిన విషయం కాదు. కానీ కాగితం మీద సంతకం పెట్టాల్సిన మనిషి ఒక్కడే, రాజ్యంలో ఉన్న జనం కోటిన్నరకు పైనే. ఆ జనంలో చాలామంది నిజాం కంటే ముందే తేల్చుకున్నారు. పరకాలకు వెళ్లి అమరధామం చూడండి. 1947 సెప్టెంబర్ 2న భారత జెండా ఎగరేయడానికి వచ్చినవాళ్ల మీద కాల్పులు జరిగితే 22 మంది చనిపోయారు. రాజు సంతకం లేదన్నవాళ్లకు నేను చూపించే సంతకం అదే.

అట్లాగే రెండో సంగతీ చెప్పకుండా వదలకూడదు. పోలీస్ యాక్షన్ (ఆ సెప్టెంబర్ సైనిక చర్యకు పెట్టిన పేరు) సమయంలో, ఆ తర్వాత పాత హైదరాబాద్ రాష్ట్రంలో వేలమంది ముస్లింలను చంపేశారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ అది రాసిచ్చింది, ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. విమోచనం అన్నా విలీనం అన్నా, ఏ పేరు పెట్టుకున్నా ఈ రెండూ జరిగినవే.

మా నాయనమ్మ సందుగలో ఒక హాలీ సిక్కా రూపాయి ఉండేది. ఒకవైపు చార్మినార్, చుట్టూ ఉర్దూ అక్షరాలు, అంచు అరిగిపోయి నున్నగా ఉండేది. "ఇది చెల్లది బిడ్డా, కానీ వెండి" అనేది. ఆమెకు రాజ్యం మారడమంటే సంతలో ఈ రూపాయి తీసుకోకపోవడమే.

విలీన పత్రంలో మూడే అంశాలు ఉన్నప్పుడు, మిగతావాటిలో సార్వభౌమాధికారం సంస్థానాల దగ్గర మిగిలినట్టే కదా?

మిగల్లేదని సుప్రీంకోర్టు అంటుంది. ఆర్టికల్ 370 మీద 2023 డిసెంబర్ 11న ఇచ్చిన తీర్పులో, విలీనమయ్యాక, భారత రాజ్యాంగాన్ని ఒప్పుకున్నాక జమ్మూ కశ్మీర్‌కు ప్రత్యేక సార్వభౌమాధికారం ఏదీ మిగల్లేదని చెప్పింది. మిగతా రాష్ట్రాలకంటే ఎక్కువ షరతులు రాయించుకున్న దానికే మిగలనప్పుడు ఇంకెవరికీ మిగలదు. 370 రద్దు చేసిన పద్ధతి మీద నాకు అభ్యంతరాలున్నాయి, అది వేరే క్లాసు.

అమెరికాలో రాష్ట్రాలు తామే కలిసి దేశం చేసుకున్నాయి కదా, అక్కడైనా విడిపోవచ్చా?

1860 డిసెంబర్‌లో సౌత్ కరోలినా మొదలుపెట్టి మొత్తం 11 రాష్ట్రాలు మేం పోతున్నాం అన్నాయి. కారణం బానిసత్వం, దీన్ని రాష్ట్రాల హక్కులు అనే అందమైన మాటతో కప్పొద్దు. నాలుగేళ్ల యుద్ధం, ఆరు లక్షలకు పైగా ప్రాణాలు.

కోర్టులో తేలింది మాత్రం చాలా మామూలు తగాదాలో. టెక్సాస్ దగ్గర కొన్ని ప్రభుత్వ బాండ్లు ఉండేవి, యుద్ధం టైమ్‌లో తిరుగుబాటు ప్రభుత్వం వాటిని అమ్ముకుంది. యుద్ధం అయిపోయాక టెక్సాస్ మా బాండ్లు మాకివ్వండని కోర్టుకెక్కింది. ఆ అమ్మకం చెల్లుతుందా అంటే, అసలు టెక్సాస్ అప్పుడు దేశం బయట ఉందా లోపల ఉందా అని తేల్చాలి. 1869లో సుప్రీంకోర్టు, టెక్సాస్ ఒక్కరోజు కూడా బయటికి పోలేదు, విడిపోతున్నామని చేసిన తీర్మానమే చెల్లదు అంది. 1836 నుంచి 1845 దాకా సొంత దేశంగా బతికి, తన ఇష్టంతో చేరిన టెక్సాస్‌కే ఈ మాట చెప్పారు. విప్లవం వల్లనో, మిగతా రాష్ట్రాల సమ్మతితోనో తప్ప పోవడానికి లేదని అదే తీర్పులో ఉంది. ఆ "సమ్మతి" అనే మాట గుర్తుపెట్టుకోండి.

జనం ఓటేసి తేల్చుకుంటే? రెఫరెండం పెడితే ఎవరు కాదంటారు?

ఎవరు పెట్టారన్నదే అసలు విషయం.

స్కాట్లాండ్ 1707లో ఇంగ్లండ్‌తో కలిసింది. 2014 సెప్టెంబర్ 18న లండన్ ఒప్పుకున్న మీదటే అక్కడ ఓటింగ్ జరిగింది, దాదాపు 55 శాతం ఉంటామన్నారు, 45 శాతం పోతామన్నారు. మళ్లీ పెట్టుకుంటామంటే 2022లో బ్రిటన్ సుప్రీంకోర్టు, లండన్ ఒప్పుకోకుండా స్కాట్లాండ్ పార్లమెంటు తనంతట తాను పెట్టలేదని చెప్పింది. కాటలోనియా 2017 అక్టోబర్ 1న స్పెయిన్ కాదన్నా ఓటింగ్ పెట్టింది, పోలీసులు బూత్‌ల మీద పడ్డారు, అక్కడి ప్రభుత్వాన్ని రద్దు చేశారు, నాయకులు కొందరు జైలుకు, కొందరు దేశం బయటికి. వెస్టర్న్ ఆస్ట్రేలియా ఇంకా పాత కథ: 1933లో మూడింట రెండొంతుల మంది విడిపోదామని ఓటేశారు, అర్జీ పట్టుకుని లండన్ పోయారు, కేంద్రం సమ్మతి లేదని అక్కడ తీసుకోనేలేదు. ఇప్పటికీ ఆస్ట్రేలియాలోనే ఉంది.

అన్నిటికంటే నాకు నచ్చింది కెనడా జవాబు. 1995లో ఫ్రెంచ్ మాట్లాడే క్యుబెక్ రాష్ట్రంలో 50.58 శాతం ఉంటామన్నారు, 49.42 శాతం పోతామన్నారు. తేడా 55 వేల ఓట్లు కూడా లేదు. ఇంత దగ్గరికి వచ్చేసరికి దేశమంతా టెన్షన్. 1998లో అక్కడి సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. క్యుబెక్ ఏకపక్షంగా విడిపోలేదు. కానీ స్పష్టమైన ప్రశ్న మీద స్పష్టమైన మెజారిటీ వస్తే, మిగతా దేశం విననట్టు ఊరుకోవడానికీ లేదు, కూర్చుని మాట్లాడి తీరాలి.

మన దేశంలో ఎప్పుడైనా ఓటింగ్ పెట్టారా?

చేరడానికి పెట్టారు. 1948లో జునాగఢ్, 1975లో సిక్కిం. 1967లో గోవాలో మహారాష్ట్రలో కలవాలా వద్దా అని అడిగితే వద్దన్నారు, అది రాష్ట్రాల మధ్య సంగతి. పోవడానికి మాత్రం ఎప్పుడూ లేదు.

విడిపోయే హక్కు రాసుకున్న రాజ్యాంగం ప్రపంచంలో ఎక్కడైనా ఉందా?

ఉంది. సోవియట్ యూనియన్ 1977 రాజ్యాంగం, ఆర్టికల్ 72, ప్రతి రిపబ్లిక్‌కూ స్వేచ్ఛగా విడిపోయే హక్కు ఉందని రాసుకుంది. 1990లో నిజంగా పోతామనేసరికి మూడింట రెండొంతుల ఓటు, ఐదేళ్ల దాకా గడువు అంటూ చట్టం తెచ్చారు. ఆ చట్టాన్ని ఎవరూ ఆగి చదవలేదు, 1991 డిసెంబర్‌కు 15 దేశాలయ్యాయి. ఇథియోపియా 1995 రాజ్యాంగంలోనూ ఆ హక్కు ఇచ్చే ఆర్టికల్ 39 ఉంది. కరీబియన్‌లో సెయింట్ కిట్స్‌తో కలిసి ఒక దేశంగా ఉన్న నెవిస్ అనే చిన్న ద్వీపానికీ ఆ హక్కు ఉంది, 1998లో దాదాపు 62 శాతం పోదామన్నారు, కావాల్సింది మూడింట రెండొంతులు, అక్కడే ఆగిపోయింది.

బ్రెగ్జిట్ లాగా మనమూ పోవచ్చు కదా?

యూరోపియన్ యూనియన్ దేశం కాదు, దేశాలు చేసుకున్న ఒప్పందం. అందులో ఆర్టికల్ 50 అని బయటికి పోయే దారి రాసే పెట్టారు. పోలిక కుదరదు.

దేశమే ఒక రాష్ట్రాన్ని బయటికి పంపేయవచ్చా?

మలేషియా సింగపూర్‌ను 1965 ఆగస్టు 9న పంపేసింది. మన దగ్గర బేరుబారి సలహా చూస్తే రాజ్యాంగ సవరణ లేకుండా అంగుళం కూడా వదలడానికి లేదు. సవరణతోనైనా ఒక మొత్తం రాష్ట్రాన్ని వదలవచ్చా అనేది ఏ కోర్టు ముందుకూ రాలేదు, రావొద్దనే నా కోరిక.

అంతర్జాతీయ చట్టం ఏమంటుంది? స్వయం నిర్ణయాధికారం అంటారు కదా?

ఆ హక్కు ముఖ్యంగా వలసల కోసం వచ్చింది. ఐక్యరాజ్యసమితి అదే నోటితో దేశాల సమగ్రతనూ కాపాడాలంటుంది. ఆచరణలో గుర్తింపు వస్తే దేశం, రాకపోతే లేదు. బంగ్లాదేశ్ 1971లో మారణహోమం, యుద్ధం దాటుకుని దేశమైంది. కొసావో 2008లో సెర్బియా నుంచి విడిపోతున్నామని ప్రకటించుకుంది, ఆ ప్రకటన అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించలేదని 2010లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం సలహా ఇచ్చింది కానీ, విడిపోయే హక్కు అందరికీ ఉందా అనే ప్రశ్న జోలికి పోలేదు.

దీని గురించి మాట్లాడటమే నేరమా సార్?

చదవడం, చర్చించడం, పరీక్షలో రాయడం నేరం కాదు. విడిపోవడాన్ని సమర్థిస్తూ, రెచ్చగొడుతూ చేసే పనులు 1967 నాటి ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం కిందికి వస్తాయి, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 152 కూడా ఉంది. 1995లో బల్వంత్ సింగ్ కేసులో, హింస ఏదీ లేకుండా రెండుమూడు సార్లు నినాదం ఇచ్చినంత మాత్రాన రాజద్రోహం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. గీత సన్నగా ఉంది, వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసే ముందు ఆలోచించండి.

బయటికి పోయే దారి లేనప్పుడు, కలిసినవాళ్లకు రక్షణ ఏముంది?

నా లెక్కలో అసలు ప్రశ్న ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో ఏం చెప్పింది? తెలంగాణను అప్పుడే కలపకండి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల దాకా హైదరాబాద్ రాష్ట్రంగా ఉంచండి, ఆ తర్వాత అక్కడి అసెంబ్లీలో మూడింట రెండొంతుల మంది కావాలంటేనే కలపండి అంది. అది పక్కన పెట్టి 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. తెలంగాణ మిగులు తెలంగాణకే ఖర్చు, ముల్కీలకు (స్థానికులకు) ఉద్యోగాలు, భూముల అమ్మకాల మీద అదుపు, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు. నవంబర్ 1న రాష్ట్రం ఏర్పడితే మొదటి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి లేడు. అడగడానికి కోర్టు లేదు, ఎందుకంటే అది చట్టం కాదు, పెద్దమనుషుల మాట. 1952లోనే వరంగల్‌లో ముల్కీ లొల్లి మొదలైందంటే, కలవకముందే ఇక్కడి పోరగాళ్లకు ఆ భయం ఉందన్నమాట.

తర్వాత 1969 ఉద్యమం, తర్వాత స్థానికుల ఉద్యోగాల కోసం 1973 ఆరు సూత్రాల పథకం, తర్వాత దాన్ని దాటి తెలంగాణలో నియమించిన స్థానికేతరులను వెనక్కి పంపాలన్న 1985 చివరి 610 జీవో. మా అన్న ఆ జీవో జిరాక్స్ కాపీ ఒకటి నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయి, పెన్నుతో మళ్లీ దిద్దుకున్నాడు. ఒక ఆఫీసులో అది తీసి చూపిస్తే అక్కడున్నాయన చదవకుండానే వెనక్కి ఇచ్చాడట. ఆ ఉద్యోగం రాలేదు, వయసు దాటిపోయింది, ఇప్పుడు కిరాణా షాపు నడుపుతున్నాడు.

అందుకే నేను పిల్లలకు చెప్పేది, విడిపోయే హక్కు ఉందా అని వెతకడం కంటే, కలిసేటప్పుడు ఇచ్చిన మాటను అమలు చేయించుకునే దారి ఉందా అని వెతకండి. రాజ్యాంగంలో రాసిన షరతుకు కోర్టు ఉంటుంది. నాగాలాండ్‌కు ప్రత్యేక రక్షణలిచ్చే ఆర్టికల్ 371ఎ, మిజోరంకు 371జి అట్లా వచ్చినవే. మిజో నేషనల్ ఫ్రంట్ 1966లో స్వతంత్ర దేశమని ప్రకటించుకుంది, అప్పుడు ఐజ్వాల్ మీద విమానాలతో దాడి కూడా చేశారు. 1986లో ఒప్పందం, 1987లో రాష్ట్రం, ఆ ఫ్రంట్ నాయకుడు లాల్‌డెంగా ముఖ్యమంత్రి. అక్కడి భూమి, ఆచారాల మీద పార్లమెంటు చట్టం వర్తించాలంటే మిజోరం అసెంబ్లీ ఒప్పుకోవాలి. మన పెద్దమనుషులు 1956లో ఆ నాలుగు షరతులను రాజ్యాంగంలో రాయించి ఉంటే, మా అన్న జేబులో ఆ కాగితం ఉండేది కాదేమో.

ఒకవేళ ఏ దేశమైనా ఒప్పుకుని విడిపోతే, పంపకాలు ఎట్లుంటాయి?

చెకోస్లొవేకియా 1993 జనవరి 1న రెండు దేశాలైంది, రక్తం చిందలేదు. జనాన్ని ఓటింగ్‌తో అడగలేదు కూడా. ఆస్తులు ఎక్కువ భాగం జనాభా లెక్కన రెండుకు ఒకటి పంచుకున్నారు.

మన రాష్ట్ర విభజనే చూడండి, దేశం ఒకటే, సుప్రీంకోర్టు ఒకటే, కరెన్సీ ఒకటే. అప్పులు జనాభా ప్రకారం 58.32, 41.68గా పంచారు. హైదరాబాద్ పదేళ్లు ఉమ్మడి రాజధాని, 2024 జూన్ 2తో అయిపోయింది. విభజన చట్టం తొమ్మిది, పది షెడ్యూళ్లలో ఉన్న ఉమ్మడి సంస్థల లొల్లి మాత్రం పదేళ్లు దాటినా తెగలేదు, కృష్ణా నీళ్లూ అంతే. పోలవరం కోసం ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు అటు పోయాయి. భద్రాచలంలో రాముడి గుడి మనవైపు ఉంది, ఆయన మాన్యం భూములు పక్కనే పురుషోత్తపట్నంలో, ఆంధ్రలో ఉన్నాయి. గుడి నుంచి ఆ పొలాలకు పోవాలంటే ఇప్పుడు రాష్ట్రం దాటాలి.